కాలేజీ పేర్లకంటే ముందు తేల్చుకోవాల్సినవి: అమెరికాలో హైస్కూలు పిల్లలున్న తెలుగు ఇళ్ల కోసం

చాలా ఇళ్లలో కాలేజీ వ్యవహారం పేర్లతో మొదలవుతుంది. ఫలానా వాళ్లబ్బాయికి బర్కిలీ వచ్చిందట, ఫలానా వాళ్లమ్మాయికి జార్జియా టెక్ వచ్చిందట అనే కబుర్లతో ఓ ఇరవై పేర్లు పోగవుతాయి. పన్నెండో తరగతి అక్టోబరు వచ్చేసరికి ఆ ఇరవైకీ వ్యాసాలు రాయలేక పిల్లలు నిద్ర మానుకుంటారు. ఏప్రిల్‌లో సీటు వచ్చాక ఫీజు చూసి అమ్మానాన్నలు నోరెళ్లబెడతారు. పని తలకిందులుగా మొదలుపెట్టడం వల్లే ఈ రెండు కష్టాలూ వస్తాయి. ముందు వీసా స్టేటస్ సంగతి చూడాలి, తర్వాత డబ్బు, ఆ తర్వాత మేజర్, అంటే ఏ సబ్జెక్టులో డిగ్రీ అన్నది. కాలేజీల జాబితా, వ్యాసాలు వీటి తర్వాతే. మొదటి రెండూ పదకొండో తరగతి జనవరి నాటికి ఇంట్లో తేలిపోవాలి.

స్టేటస్‌ను బట్టి దారి

పిల్లలు అమెరికా పౌరులైనా, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లైనా ఫెడరల్ సాయానికి అప్లై చేసుకోవచ్చు. అమ్మానాన్నలు ఇంకా హెచ్-1బీ మీదే ఉన్నా, ఇక్కడ పుట్టిన పిల్లలకు అదేమీ అడ్డు కాదు. ఈ సంగతి తెలియక, మనకు గ్రీన్ కార్డు లేదు కదా అని ఫెడరల్ సాయం కోసం నింపే ఫాఫ్సా ఫారం జోలికే వెళ్లని ఇళ్లు ఉన్నాయి. అలా వదిలేయకండి.

హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లల లెక్క వేరు. వాళ్లకు ఫెడరల్ గ్రాంట్లు, ఫెడరల్ లోన్లు రావు. చాలా కాలేజీలకు ఒకే ఫారంతో అప్లై చేసే కామన్ యాప్‌లో పౌరసత్వం అడిగిన చోట అమెరికాయేతర దేశ పౌరులు అన్నదే ఎంచుకుని, వీసా రకం హెచ్-4 అని రాయాలి. ఐ-485 (గ్రీన్ కార్డు చివరి దశ దరఖాస్తు) పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన పర్మనెంట్ రెసిడెంట్ అయిపోరు. కార్డు వచ్చాకే ఆ గడి ఎంచుకోవాలి. మధ్యలో గ్రీన్ కార్డు వస్తే ఆ వారంలోనే అడ్మిషన్ ఆఫీసుకూ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకూ ఈమెయిల్ పెట్టండి, లెక్కలన్నీ మారిపోతాయి.

సొంత రాష్ట్రం ఫీజు విషయంలో హెచ్-4 పిల్లలకు చాలా రాష్ట్రాల్లో అవకాశం ఉంది, కానీ నియమాలు రాష్ట్రానికో రకం. యూనివర్సిటీలో దీన్ని తేల్చేది అడ్మిషన్ ఆఫీసు కాదు, రెసిడెన్సీ చూసే విభాగం. వాళ్లను రెండు ప్రశ్నలు అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. మా అబ్బాయి హెచ్-4 మీద ఉన్నాడు, ఇన్-స్టేట్ ఫీజు వర్తిస్తుందా? 21 ఏళ్లు నిండి ఎఫ్-1కి (విద్యార్థి వీసాకు) మారాల్సి వస్తే అప్పుడు కూడా అదే ఫీజు ఉంటుందా? ఈ రెండో ప్రశ్న దాదాపు ఎవరూ అడగరు. పిల్లలు మూడో ఏడో నాలుగో ఏడో చదువుతుండగా ఆ వయసు వస్తుంది, ఒక్కసారిగా ఫీజు రెండింతలు అయ్యే ప్రమాదం అక్కడే ఉంది. హెచ్-4 పిల్లలకు పని చేసే అనుమతి ఉండదు కాబట్టి జీతం ఇచ్చే ఇంటర్న్‌షిప్పులు, క్యాంపస్ వర్క్-స్టడీ కూడా లెక్కలోంచి తీసేయాలి.

హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మౌత్, ఆమ్‌హర్స్ట్, బోడన్ లాంటి కొద్ది కాలేజీలు మాత్రం విదేశీ పౌరుల ఆర్థిక స్థితి చూడకుండా సీటిచ్చి, లెక్క ప్రకారం ఎంత సాయం అవసరమో అంతా ఇస్తాయి. ఇవన్నీ సీటు దొరకడం చాలా కష్టమైన చోట్లు. మిగతా చాలా ప్రైవేటు కాలేజీల్లో హెచ్-4 విద్యార్థి సాయం కావాలని గడి నొక్కితే అది సీటు నిర్ణయం మీద కూడా ప్రభావం చూపవచ్చు. అలాగని భయపడి నొక్కకుండా చేరి, రెండో ఏడు అడుగుదాంలే అనుకోకండి. మొదట అడగని విదేశీ విద్యార్థులకు తర్వాత సాయం ఇవ్వబోమని చాలా కాలేజీలు ముందే రాసిపెడతాయి.

డబ్బు లెక్క

ఫాఫ్సా మామూలుగా అక్టోబరు 1న తెరుచుకుంటుంది. అది చూసే ఆదాయం ఆ ఏడాదిది కాదు, రెండేళ్ల వెనకటిది. 2027 ఫాల్‌లో చేరేవాళ్లకు 2025 టాక్స్ రిటర్ను చూస్తారు. అంటే పదో తరగతి జనవరి నుంచి పదకొండో తరగతి డిసెంబరు దాకా నడిచిన ఏడాది. ఆ ఏడాదిలో కంపెనీ షేర్లు పెద్ద మొత్తంలో అమ్మితేనో, ఇండియాలో స్థలం అమ్మి లాభం చూపితేనో ఆదాయం ఒక్కసారి పెరిగినట్టు కనపడుతుంది. అమ్మకం ముందుకో వెనక్కో జరిపే వీలుంటే తొమ్మిదో తరగతిలోనే ఆలోచించుకోండి.

ఫాఫ్సాకు అకౌంట్లు సెప్టెంబరులోనే తెరవండి. విద్యార్థికి ఒకటి, తల్లిదండ్రుల్లో ఒకరికి ఒకటి. విడివిడిగా టాక్స్ ఫైల్ చేసే భార్యాభర్తలైతే ఇద్దరికీ చెరొకటి. సోషల్ సెక్యూరిటీ వివరాలు సరిపోల్చడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఐఆర్ఎస్ నుంచి వివరాలు తీసుకోవడానికి ఒప్పుకునే గడి ప్రతి ఒక్కరూ నొక్కాలి. ఒక్కరు నొక్కకపోయినా ఫెడరల్ సాయం ఆగిపోతుంది. ఫారం సగంలో ఆగిపోయిందని జనవరిలో కనుక్కునేవాళ్లలో ఎక్కువమందికి జరిగేది ఇదే.

ఆస్తుల దగ్గర తెలుగు ఇళ్లలో తప్పులు ఎక్కువ. మీరు ఉంటున్న ఇల్లు, 401(కె) లాంటి రిటైర్మెంట్ ఖాతాల నిల్వ ఫాఫ్సాలో చూపనక్కర్లేదు. బ్యాంకు నిల్వ, షేర్లు, 529 ప్లాన్ (చదువు కోసం పొదుపు ఖాతా), అద్దెకిచ్చిన ఇల్లు చూపాలి. ఇండియాలో మీ పేరున ఉన్న ప్లాటు, ఫ్లాటు, పొలం కూడా చూపాలి. ఊళ్లో నాన్నగారి పేరున ఉన్న పొలం మీ ఆస్తి కాదు. పంపకాలు అయిపోయి మీ పేరున పట్టా ఉంటే అది మీదే, అన్నదమ్ములతో ఉమ్మడిగా ఉంటే మీ వాటా మాత్రమే. ఫారం నింపే రోజు విలువను డాలర్లలో రాసి, ఎలా లెక్కకట్టారో ఒక కాగితం మీద పెట్టుకోండి. పిల్లల పేరు మీద తెరిచిన కస్టోడియల్ ఖాతాలో ఉన్న డబ్బులో 20 శాతం ప్రతి ఏడూ చదువుకు ఖర్చు పెట్టగలరని ఫార్ములా అనుకుంటుంది; తల్లిదండ్రుల పేరున ఉంటే అది 5.64 శాతం దాటదు. పొదుపంతా పిల్లల పేరున పెట్టడం మంచి ఉద్దేశంతోనే చేస్తారు గానీ ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

చాలా ప్రైవేటు కాలేజీలు దీంతో పాటు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో సాయం ఫారం అడుగుతాయి. అది ఇంకా లోతుగా వెళ్తుంది. ఉంటున్న ఇంటి మీద మీకున్న ఈక్విటీని కూడా కొన్ని కాలేజీలు లెక్కలోకి తీసుకుంటాయి. దీని గడువు ఎర్లీ (ముందస్తు) అప్లికేషన్లకు నవంబరులోనే ఉంటుంది కాబట్టి ఫాఫ్సాతో పాటే పూర్తిచేయండి.

ఇద్దరూ ఉద్యోగం చేసే సాఫ్ట్‌వేర్ ఇళ్లలో చాలాసార్లు అవసరాన్ని బట్టి ఇచ్చే సాయం ఏమీ రాదు. అయినా ఫాఫ్సా నింపడం మంచిది. విద్యార్థి పేరున వచ్చే ఫెడరల్ లోను, మొదటి ఏడు 5,500 డాలర్లు, నాలుగేళ్లకు మొత్తం 27,000, దీని ద్వారానే వస్తుంది. కొన్ని కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్‌కు కూడా దీన్ని అడుగుతాయి. తల్లిదండ్రులు తీసుకునే ప్లస్ లోనుకు 2026 జులై 1 నుంచి కొత్త పరిమితి ఉంది: ఒక్కో విద్యార్థికి ఏడాదికి 20,000, మొత్తం 65,000 డాలర్లు. మిగతాది లోను తీసుకుందాంలే అనే పాత ధీమా ఇక పనికిరాదు.

ఇప్పుడు అసలు పని. సాయం పోగా మీరు ఎంత కట్టాలో అంచనా చెప్పే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ప్రతి కాలేజీ వెబ్‌సైటులో ఉంటుంది. ఉండాలని ఫెడరల్ చట్టమే చెబుతుంది. టాక్స్ రిటర్ను, బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కన పెట్టుకుని కూర్చుంటే ఒక్కో కాలేజీకి పావుగంట పడుతుంది. సొంత రాష్ట్రం పబ్లిక్ యూనివర్సిటీ ఒకటి, పక్క రాష్ట్రానిది ఒకటి, ప్రైవేటుది ఒకటి, మూడింటికి వేసి చూడండి. సొంత వ్యాపారం ఉన్న ఇళ్లకు, విడిపోయిన తల్లిదండ్రులకు ఇది చెప్పే అంకె అంత నమ్మదగ్గది కాదు. కొన్ని ప్రైవేటు యూనివర్సిటీల్లో ఏడాది మొత్తం ఖర్చు 90,000 డాలర్లు దాటింది. కాలిఫోర్నియా యూనివర్సిటీలు (బర్కిలీ లాంటి యూసీ క్యాంపస్‌లు) బయటి రాష్ట్రం వాళ్లకు ఇచ్చే సాయం చాలా తక్కువ.

ఆ మూడు అంకెలు చూశాక, ఏడాదికి ఇంత మనం పెట్టగలం అనే ఒక్క అంకె అమ్మానాన్నలు తేల్చుకోవాలి. తమ్ముడో చెల్లెలో కూడా ఉంటే వాళ్ల వాటా తీసి పక్కన పెట్టాకే. తర్వాత ఆ అంకెను పిల్లలకు నోటితో చెప్పాలి. మన ఇళ్లలో డబ్బు సంగతి పిల్లల ముందు ఎత్తడం అలవాటు లేదు. నువ్వు చదువుకో, డబ్బు సంగతి మేం చూసుకుంటాం అంటాం. ప్రేమతోనే అంటాం. కానీ ఏప్రిల్‌లో సీటు చేతికొచ్చాక వద్దనడం పిల్లలకు ఎంత బాధో, పదకొండో తరగతిలోనే నిజం చెబితే అది వాళ్లకు అంత మేలు. పదహారేళ్ల పిల్లలు ఈ లెక్కను బాగానే అర్థం చేసుకుంటారు.

మేజర్

కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్, నర్సింగ్, బిజినెస్ చదవాలనుకునేవాళ్లు కాలేజీని కాదు, ఆ కాలేజీలో ఆ విభాగాన్ని చూడాలి. వాషింగ్టన్ యూనివర్సిటీ (సియాటెల్), ఇల్లినాయ్ (అర్బానా-షాంపేన్) లాంటి చోట్ల కంప్యూటర్ సైన్స్‌కు నేరుగా తీసుకుంటారు. ఆ విభాగానికి సీటు వచ్చే శాతం యూనివర్సిటీ మొత్తం శాతంకంటే బాగా తక్కువ. సులువుగా దొరికే మేజర్‌లో చేరి తర్వాత మారిపోదామనే సలహా ఇంకా చేతులు మారుతూనే ఉంది. ఇలాంటి చోట్ల మారడం చాలా కష్టం, కొన్ని విభాగాల్లో దాదాపు మూసేసినట్టే. అప్లై చేసే ముందు ఆ యూనివర్సిటీ పేరుతో పాటు మేజర్ మార్పు నియమాలు అని వెతికి, ఆ పేజీ మొత్తం చదవండి. తలుపు మూసి ఉంటే, రెండో ఇష్టంగా పెట్టిన మేజర్‌తోనే నాలుగేళ్లు గడపడానికి సిద్ధమైతేనే ఆ కాలేజీని జాబితాలో ఉంచండి.

మెడిసిన్ వైపు వెళ్లేవాళ్లకు డిగ్రీకీ మెడిసిన్‌కూ కలిపి సీటిచ్చే బీఎస్-ఎండీ ప్రోగ్రాములు ఉన్నాయి. బ్రౌన్‌లో ఎనిమిదేళ్ల పీఎల్ఎంఈ అందరికీ తెలిసినదే. సీట్లు బహు తక్కువ, వ్యాసాలు అదనం, గడువులు తరచు ముందే. పౌరులకూ గ్రీన్ కార్డు వాళ్లకూ మాత్రమే పరిమితమైనవి కొన్ని ఉన్నాయి కాబట్టి హెచ్-4 పిల్లలు ఆ వాక్యం వెతికి చూసుకోవాలి.

జాబితా

కామన్ యాప్‌లో ఇరవై కాలేజీల దాకా పెట్టుకోవచ్చు. పెట్టుకోవచ్చు కదా అని పెట్టకండి. ఎనిమిది నుంచి పన్నెండు చాలు. అంతకు మించితే పదమూడోది, పద్నాలుగోది రాసేటప్పుడు వ్యాసాల్లో నీరసం కనపడిపోతుంది.

జాబితాను కింది నుంచి కట్టండి. ముందు రెండు మూడు నమ్మకమైన కాలేజీలు. నమ్మకమైనది అనాలంటే సీటు దాదాపు ఖాయం కావాలి, ఫీజు మీ అంకె లోపల ఉండాలి, మిగతావన్నీ పోయినా పిల్లలు అక్కడికి మనస్ఫూర్తిగా వెళ్లాలి. మూడోది లేని కాలేజీకి అప్లికేషన్ ఫీజు దండగ. టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. క్లాసులో మొదటి 10 శాతంలో ఉంటే రాష్ట్ర పబ్లిక్ యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ అడ్మిషన్. యూటీ ఆస్టిన్‌లో మాత్రం 2026 ఫాల్ నుంచి అది మొదటి 5 శాతానికి తగ్గింది. యూనివర్సిటీలోకి ఆటోమేటిక్ గానీ కోరిన మేజర్‌కు కాదు, ఇది గుర్తుంచుకోండి.

కాలేజీ ఏం చూస్తుందో తెలుసుకోవడానికి ర్యాంకింగులకంటే కామన్ డేటా సెట్ ఎక్కువ ఉపయోగం. చాలా కాలేజీలు ప్రతి ఏడూ దీన్ని బయటపెడతాయి. అందులో సీ-7 అనే పట్టికలో గ్రేడ్లు, క్లాసుల కఠినత, టెస్టు స్కోరు, వ్యాసం, సిఫారసు, కాలేజీ మీద విద్యార్థి చూపిన ఆసక్తి, ఒక్కోదానికి ఎంత ప్రాధాన్యమిస్తారో గీటు పెట్టి ఉంటుంది. ఆసక్తిని చూస్తామని గీటు పెట్టిన కాలేజీకి ఆన్‌లైన్ సమావేశాలకు పేరు నమోదు చేసుకుని హాజరవండి, ఈమెయిళ్లు తెరవండి. చూడబోమన్నవాటి కోసం ఆ టైము వృథా చేయకండి. అదే డేటా సెట్‌లో హెచ్ అనే విభాగంలో సాయం వివరాలు ఉంటాయి. అవసరం లేకపోయినా మెరిట్ డబ్బు ఎంతమందికి ఇచ్చారు, సగటున ఎంత అనేది అక్కడే తెలుస్తుంది.

టెస్టులు, క్లుప్తంగా

శాట్ 2024 మార్చి నుంచి అమెరికాలో పూర్తిగా డిజిటల్. 2 గంటల 14 నిమిషాలు, రెండు విభాగాలు, ఒక్కోదానిలో రెండు మాడ్యూళ్లు. మొదటి మాడ్యూల్ బాగా చేస్తేనే రెండోది కష్టమైనది వస్తుంది, పెద్ద స్కోరు ఆ కష్టమైన దానిలోనే ఉంది. కాబట్టి మొదటి మాడ్యూల్‌లో తొందరపడి తేలిక ప్రశ్నలు పోగొట్టుకోవడం రెట్టింపు నష్టం. అభ్యాసం పాత పేపర్ పుస్తకాల్లో కాకుండా శాట్ రాయించే బ్లూబుక్ యాప్‌లోనే చేయించండి. లెక్కల విభాగంలో డెస్మోస్ క్యాలిక్యులేటర్ అందులోనే ఉంటుంది, దాన్ని వాడటంలో చేయి తిరగాలి. పదకొండో తరగతి మార్చిలో ఒకసారి, అవసరమైతే ఆగస్టులో ఇంకోసారి. మూడోసారి తర్వాత ఆ గంటలు వ్యాసాలకు పెట్టడం మేలు.

ఎంఐటీ, హార్వర్డ్, క్యాల్‌టెక్, డార్ట్‌మౌత్, బ్రౌన్, యూటీ ఆస్టిన్ మళ్లీ స్కోరు తప్పనిసరి చేశాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీలు స్కోరు పంపినా అడ్మిషన్‌కు చూడవు. స్కోరు పంపడం మీ ఇష్టం అనే మిగతా కాలేజీలకు, మీ స్కోరు వాళ్ల కామన్ డేటా సెట్‌లోని మధ్యస్థ స్కోరుకు సమానంగానో పైనో ఉంటే పంపండి.

పనుల కాలం

పదకొండో తరగతి ఏప్రిల్-మే నెలల్లో ఇద్దరు టీచర్లను సిఫారసు లేఖ అడగాలి, వేసవి సెలవులకు ముందే. పేరున్న టీచరు కాదు, పిల్లలను దగ్గరగా చూసిన టీచరు కావాలి. వీలైతే పదకొండో తరగతిలో చెప్పినవాళ్లు, ఒకరు లెక్కలో సైన్సో, ఒకరు ఇంగ్లీషో చరిత్రో. అడిగాక ఒక పేజీ కాగితం ఇవ్వండి. మార్కుల చిట్టా కాదు, ఆ క్లాసులో జరిగినవి: ఏ ప్రాజెక్టులో ఎక్కడ చిక్కుకున్నారు, ఎలా బయటపడ్డారు. టీచరుకు నలభై మంది అడుగుతారు. గుర్తుచేసే నాలుగు సంఘటనలు ఇస్తే లేఖలో ప్రాణం ఉంటుంది. లేఖలు చూసే హక్కు వదులుకుంటున్నాననే ఫెర్పా గడి నొక్కడమే పద్ధతి. నొక్కకపోతే టీచరు మొహమాటంతో రాశారేమో అని చదివేవాళ్లకు అనుమానం వస్తుంది.

ఆగస్టు 1న కామన్ యాప్ కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది. అకౌంటు ముందే తెరిచి ఉమ్మడి భాగం నింపుకోవచ్చు, అది నిలిచి ఉంటుంది. కాలేజీల సొంత ప్రశ్నలకు రాసినవి మాత్రం ఆగస్టు 1న పోతాయి. ఆ వారంలో అన్ని కాలేజీల వ్యాస ప్రశ్నలూ ఒక షీటులోకి ఎక్కించి, పదాల పరిమితి, గడువు పక్కన రాయండి. పది కాలేజీలకు ఇరవై పైచిలుకు చిన్న వ్యాసాలు తేలడం మామూలే. ఆ షీటు చూసే రోజునే జాబితాలోంచి రెండు మూడు పేర్లు వాటంతటవే జారిపోతాయి.

గడువులు అన్నీ నవంబరు 1, జనవరి 1 అనుకోకండి. జార్జియా టెక్‌లో జార్జియా విద్యార్థుల ఎర్లీ యాక్షన్ (చేరి తీరాలనే బంధం లేని ముందస్తు అప్లికేషన్) గడువు అక్టోబరు మధ్యలోనే. వాషింగ్టన్ యూనివర్సిటీకి నవంబరు 15. కాలిఫోర్నియా యూనివర్సిటీల గడువు నవంబరు 30 ప్రాంతంలో, వాటికి విడి అప్లికేషన్: ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోటి 350 పదాలు దాటకుండా రాయాలి, మామూలుగా సిఫారసు లేఖలు అడగరు. వీటన్నిటికంటే ముందుగా మీ స్కూలు కౌన్సిలర్ పెట్టే సొంత గడువు ఉంటుంది. ట్రాన్‌స్క్రిప్టు (గ్రేడ్ల రికార్డు) పంపమని మూడు నాలుగు వారాల ముందే అడగాలంటారు. అది దాటితే కాలేజీ గడువు మిగిలి ఉన్నా చేసేదేం లేదు.

ఎర్లీ డెసిషన్ గురించి సూటిగా చెప్పాలి. అది ఒప్పందం. విద్యార్థి, తల్లి లేదా తండ్రి, కౌన్సిలర్ ముగ్గురూ సంతకం పెడతారు, సీటొస్తే చేరాలి, మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకోవాలి. ఇచ్చిన సాయం చాలకపోతే బయటపడవచ్చు, కానీ నాలుగు కాలేజీల ఆఫర్లు పక్కపక్కన పెట్టి పోల్చుకునే అవకాశం పోతుంది. నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ చెప్పిన అంకె మీ అంకె లోపల ఉంటేనే ఎర్లీ డెసిషన్. మెరిట్ డబ్బు మీద ఆశ పెట్టుకున్న ఇళ్లకు అది తగదు. ఎర్లీ యాక్షన్‌కు ఈ బంధం లేదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్ పెట్టే రిస్ట్రిక్టివ్ రకంలో చేరాలనే బంధం లేదు గానీ ఇతర ప్రైవేటు కాలేజీలకు ఎర్లీ పెట్టకూడదు; పబ్లిక్ యూనివర్సిటీలకు ఎర్లీ యాక్షన్ పెట్టుకోవచ్చు.

యాక్టివిటీలు, వ్యాసం

కామన్ యాప్‌లో పది యాక్టివిటీలకు చోటుంది. ఒక్కోదానికి వివరణ 150 అక్షరాలే, ఖాళీలతో కలిపి. పది నింపి తీరాలని లేదు, ఆరు గట్టివి ఉంటే ఆరే చాలు. మన పిల్లల ఫారాల్లో తరచు కనపడే వాక్యం ఇలా ఉంటుంది:

"గుడిలో వాలంటీరుగా సేవ చేస్తూ నాయకత్వం, జట్టుగా పనిచేయడం, సమయపాలన నేర్చుకున్నాను."

ఇందులో ఆ పిల్లాడు ఏం చేశాడో లేదు. అదే పిల్లాడు చేసిన అదే పని:

"ఆదివారం అన్నదానంలో 200 మందికి వడ్డన. 9 మంది వాలంటీర్ల డ్యూటీ షీటు నేనే వేస్తా. మిగిలిన అన్నం షెల్టరుకు పంపే ఏర్పాటు మొదలుపెట్టా."

క్రియతో, అంకెతో మాట్లాడాలి. నేర్చుకున్నది చదివేవాళ్లే గ్రహిస్తారు. తెలుగు బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించడం, ఇంట్లో చెల్లెల్ని రోజూ స్కూలు నుంచి తేవడం, అమ్మమ్మకు డాక్టరు దగ్గర మాట అనువదించి చెప్పడం, ఇవన్నీ యాక్టివిటీలే. కామన్ యాప్‌లో ఇంటి బాధ్యతలకు విడిగా ఒక వర్గమే ఉంది. మనవాళ్లు వీటిని వదిలేసి, రెండు నెలలు పేరుకు చేరిన క్లబ్బులు రాస్తారు. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అన్నవి అన్నిటికీ కలిపి ఒకసారి కూడి చూడండి. స్కూలు, నిద్ర పోగా మిగిలే గంటలకంటే ఎక్కువైతే ఫారం మొత్తం మీదే నమ్మకం పోతుంది.

ప్రధాన వ్యాసం 250 నుంచి 650 పదాలు. ఇండియా వెళ్లి పేదరికం చూసి నా కళ్లు తెరుచుకున్నాయి అన్న వ్యాసం, ఆరంగేట్రం రోజు స్టేజీ మీద వణికి చివరికి చప్పట్లు అందుకున్న వ్యాసం, స్పెల్లింగ్ బీలో ఓడి పట్టుదల నేర్చుకున్న వ్యాసం ఎందుకు తేలిపోతాయో చూడండి. ఆ అనుభవాలు అబద్ధం కాదు, చిన్నవీ కాదు. వాటిలో ముగింపు ముందే తెలిసిపోతుంది, ఆ ముగింపు వేరే ఎవరి పేరు మీదైనా అతుకుతుంది. పిల్లలు ఎలా ఆలోచిస్తారన్నది ఎక్కడా కనపడదు.

ఇంట్లో తాతయ్య మందుల బాధ్యత ఒక అమ్మాయిది అనుకుందాం. బీపీ మాత్ర, షుగరు మాత్ర రెండూ తెల్లగా గుండ్రంగా ఉన్నాయి. ఫార్మసీ వేరే కంపెనీది ఇచ్చినప్పుడల్లా మాత్ర రూపు మారిపోయి ఆయన తికమకపడుతున్నారు. అమ్మాయి సీసా మూతల మీద పసుపు రంగు, తెలుపు రంగు గోళ్ల పాలిష్‌తో చుక్కలు పెట్టింది. శుక్లాలున్న కళ్లకు ఆ రెండు రంగులకూ తేడా తెలియలేదు. ఈసారి మూతల మీద బియ్యపు గింజలు జిగురుతో అంటించింది. ఒక గింజ ఉంటే పొద్దున, రెండు గింజలుంటే రాత్రి. తాతయ్య చీకట్లో కూడా వేలితో తడిమి తీసుకోగలుగుతున్నారు. ఇక్కడిదాకా రాస్తే రెండు వందల పదాలు కూడా కాదు. మిగతా నాలుగు వందల్లో, మొదటిసారి తను తన కళ్లతో చూసి డిజైన్ చేసిందని ఎప్పుడు గ్రహించింది, ఆ తర్వాత స్కూల్లోనో రోబోటిక్స్‌లోనో ఆ గ్రహింపు ఏ పనిని మార్చింది అని రాస్తే ఆ అమ్మాయి తప్ప ఇంకెవరూ రాయలేని వ్యాసం అవుతుంది. ఇలాంటి వస్తువు దొరకాలంటే పిల్లలను విజయాలు చెప్పమనకండి. గత రెండేళ్లలో ఎవరూ చెప్పకుండా నువ్వు సరిచేసిన వస్తువో పనో ఏంటి అని అడిగి, కాసేపు మాట్లాడకుండా వినండి.

వ్యాసాన్ని అమ్మానాన్నలు తిరగరాయకూడదు. అక్షర దోషాలు చూడవచ్చు, అర్థం కాని చోట ఇది నాకు అర్థం కాలేదని చెప్పవచ్చు, అంతే. నలభై ఏళ్లవాళ్ల మాట పదిహేడేళ్ల గొంతులో ఇమడదు, టీచరు లేఖ పక్కన పెట్టి చదివితే తెలిసిపోతుంది. ఏఐ చేత రాయించి సొంతదిగా పంపడం కామన్ యాప్ నియమాల్లో మోసం కిందే లెక్క.

మా కాలేజీయే ఎందుకు అని అడిగే చిన్న వ్యాసంలో ఆ విభాగం కోర్సుల జాబితా తెరిచి, నిజంగా చదవాలనిపించిన ఒకటి రెండు కోర్సులో ల్యాబులో ఎంచుకుని, ఇప్పటికే చేసిన పనికి వాటికీ ముడి వేయాలి. క్యాంపస్ అందం, ర్యాంకు, నగరం గురించి రాసినంత మేరా ఖాళీయే. ఒక కాలేజీ వ్యాసం ఇంకోదానికి మార్చి వాడినప్పుడు పాత కాలేజీ పేరు లోపల మిగిలిపోవడం ప్రతి ఏడూ జరిగే పొరపాటు. పంపే ముందు పీడీఎఫ్ ప్రివ్యూ తెరిచి గట్టిగా చదివించండి, కళ్లు వదిలేసింది చెవి పట్టుకుంటుంది.

పేరు, ఈమెయిల్, పోర్టల్

ఫైలు పూర్తి కాలేదనే ఈమెయిళ్లకు మన ఇళ్లలో తరచు కారణం పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరుతో పూర్తిగా ఉంటుంది, స్కూలు రికార్డులో కుదించి ఉంటుంది, శాట్‌కు పిలుపు పేరుతో రిజిస్టర్ చేస్తారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్ల వీసాలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడి ఇంకో రూపం తయారవుతుంది. స్కోరు ఒక పేరుతో, ట్రాన్‌స్క్రిప్టు ఇంకో పేరుతో వెళ్తే కాలేజీ కంప్యూటర్ రెండిటినీ ఒకరివిగా కలపదు. పదకొండో తరగతిలోనే స్కూలు రికార్డు, శాట్ నిర్వహించే కాలేజ్ బోర్డు అకౌంటు రెండూ చట్టబద్ధమైన పేరుకు సరిచేయించండి. ఫాఫ్సాలో పేరు సోషల్ సెక్యూరిటీ కార్డు మీద ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి.

స్కూలు ఇచ్చిన ఈమెయిల్ వాడకండి. బయటి నుంచి వచ్చే ఉత్తరాలను కొన్ని స్కూళ్లు అడ్డుకుంటాయి, పాసయ్యాక ఆ ఖాతా మూసేస్తారు. కొత్తగా ఒక ఈమెయిల్ తెరిచి, పిల్లలూ ఇంట్లో ఒకరూ రోజూ చూడండి. అప్లికేషన్ పంపిన కొద్ది రోజులకు ప్రతి కాలేజీ ఒక పోర్టల్ లింకు పంపుతుంది. అందులోని చెక్‌లిస్టు వారానికోసారి చూసి, ఏదైనా అందలేదని ఉంటే ముందు కౌన్సిలర్‌ను అడగండి. డిసెంబరు చివరి వారం స్కూళ్లు సెలవు, అప్పుడు పలికేవాళ్లు ఉండరు.

జవాబులు వచ్చాక

ఎర్లీ జవాబులు డిసెంబరు మధ్య నుంచి, రెగ్యులర్ జవాబులు ఏప్రిల్ మొదటి వారం లోపల వస్తాయి. డిఫర్ అయితే, అంటే నిర్ణయం రెగ్యులర్ జవాబుల దాకా వాయిదా పడితే, జనవరి గ్రేడ్లు, కొత్తగా జరిగిన ఒకటి రెండు సంగతులతో ఒక పేజీ మించని ఉత్తరం పోర్టల్‌లో పెట్టాలి, కాలేజీ వద్దని చెప్పకపోతేనే.

ఆఫర్లు పోల్చేటప్పుడు సాయం పత్రంలో గ్రాంటు, స్కాలర్‌షిప్, లోను, వర్క్-స్టడీ అన్నీ ఒకే వరసలో కలిపి పెద్ద మొత్తంగా చూపిస్తారు. తిరిగి కట్టక్కర్లేనివి మాత్రమే మొత్తం ఖర్చులోంచి తీసేయండి. మొత్తం ఖర్చులో ఫీజుతో పాటు హాస్టల్, తిండి, పుస్తకాలు, విమాన టికెట్లు ఉండాలి. స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ వస్తుందా, నిలబెట్టుకోవడానికి ఎంత జీపీఏ కావాలి అని అడగండి. ఉద్యోగం పోయినా, ఆదాయం తగ్గినా, సాటి కాలేజీ ఎక్కువ ఇచ్చినా ఎయిడ్ ఆఫీసుకు కాగితాలతో అప్పీలు చేసుకోవచ్చు. అది అడుక్కోవడం కాదు, వాళ్లకు దానికి ఒక పద్ధతి ఉంది. మర్యాదగా, ఏప్రిల్ రెండో వారం లోపల అడగండి.

చాలా కాలేజీలకు మే 1 లోపల ఒకచోట డిపాజిట్ కట్టాలి. రెండు చోట్ల కట్టడం నియమ విరుద్ధం, తెలిస్తే రెండూ పోవచ్చు. వెయిట్‌లిస్టులో ఉన్నా వేరేచోట డిపాజిట్ కట్టే ఎదురుచూడాలి. వెయిట్‌లిస్టు మీద సీటొస్తే డబ్బు సాయం మిగిలి ఉండే అవకాశం తక్కువ.

జూన్‌లో స్కూలు చివరి ట్రాన్‌స్క్రిప్టు పంపుతుంది. అడ్మిషన్ పత్రంలో పన్నెండో తరగతి గ్రేడ్ల మీద షరతు రాసి ఉంటుంది. డీ పడినా, తీసుకుంటానన్న ఏపీ (కాలేజీ స్థాయి) క్లాసు మధ్యలో మానేసినా సీటు వెనక్కి తీసుకునే హక్కు కాలేజీకి ఉంది. అలాంటిది జరిగేలా ఉంటే ట్రాన్‌స్క్రిప్టు వెళ్లేదాకా ఆగకండి. ఏం జరిగింది, ఇప్పుడు ఏం చేస్తున్నారు అని పిల్లలే అడ్మిషన్ ఆఫీసుకు ముందుగా రాయాలి, కౌన్సిలర్‌ను కాపీలో పెట్టి. క్లాసు మార్చుకోవాలన్నా మార్చక ముందే అనుమతి అడగాలి.